ధూళి గడప దాటకూడదు: ఆటోనగర్ షెడ్డులో బ్లాస్టింగ్ క్యాబినెట్ ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి కొన్న బ్లాస్టింగ్ క్యాబినెట్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వను కొట్టి భాగాల తుప్పు వదిలించే మూసిన పెట్టె) విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు చేరింది. లోపలి కొలతలు పొడవు 900, వెడల్పు 600, ఎత్తు 600 మిల్లీమీటర్లు. కింద గరాటు ఆకారంలో హాపర్, ముందువైపు రెండు చేతి రంధ్రాలు, వాటికి పొడవాటి రబ్బరు గ్లౌజులు, పైన చూపుటద్దం, లోపల సైఫన్ గన్ (రవ్వను తానే పీల్చుకుని గాలితో చిమ్మేది) ఉన్నాయి. రేకు దృఢంగా ఉంది, తలుపు వంగలేదు. మా పని పాత మోటారు సైకిళ్లను, స్కూటర్లను పూర్తిగా విప్పి మళ్లీ నడిచే స్థితికి తేవడం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరంలో ఎన్నో కాలనీలు నీట మునిగిన తర్వాత తుప్పు వదిలించవలసిన భాగాలు మా దగ్గరికి బాగా రాసాగాయి. వైరు బ్రష్షుతోను, ఎమరీ కాగితంతోను గీకితే మూలలు శుభ్రపడవు, మనిషి అలసిపోతాడు, రాలిన తుప్పు నేరుగా ముఖం మీదికే వస్తుంది. సొంత క్యాబినెట్ పెట్టుకోవాలన్న నిర్ణయం అలా జరిగింది.

క్యాబినెట్ గురించి ఎవరిని అడిగినా గన్ గురించి, ప్రెషర్ గురించి, తుప్పు ఎంత తొందరగా పోతుందన్న దాని గురించి చెబుతారు. దుమ్మును లాగే ఏర్పాటు మాట చివర్లో వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. నేను ఈ వరుసను తలకిందులు చేయదలచుకున్నాను. దుమ్మును లాగే వైపు సరిగా లేని క్యాబినెట్‌ను, దానికి ఎంత మంచి గన్ బిగించినా, నడపకూడదు. పనులను ఆ వరుసలోనే పెట్టుకున్నాను: ముందు లోపల ఉన్న ఇసుక, తర్వాత దుమ్ము లాగే ఏర్పాటు, ఆ తర్వాతే గాలి, గన్.

హాపర్ తెరిచి చూస్తే అడుగున ఇసుకే ఉంది, అది కూడా కృష్ణ ఇసుక. ముందుగా నీళ్లు చల్లి, పూర్తిగా తడిసిన తర్వాతే మాస్కు కట్టుకుని దాన్ని తీసి సంచుల్లో మూట కట్టించాను. మా షెడ్డుకు అప్పుడప్పుడు వచ్చే పెద్ద మేస్త్రి అది చూసి ఆశ్చర్యపోయారు.

“ఇసుకే కదా బాబూ, ఏట్లో ఇసుక. మా రోజుల్లో అంతా దీంతోనే కొట్టేవాళ్లం” అన్నారు.

“మీతో కలిసి కొట్టినవాళ్లు ఇప్పుడెలా ఉన్నారు బాబాయ్?” అని అడిగాను.

ఇద్దరు ఆయాసంతో మంచాన పడ్డారని, టీబీ మందులు వాడినా తగ్గలేదని ఆయనే చెప్పారు. ఆ ఇద్దరి జబ్బు ఏమిటో నేను నిర్ధారించలేను గాని, సిలికోసిస్‌ను, అంటే సిలికా ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును, టీబీ అనుకుని చికిత్స చేయడం మన దేశంలో కొత్త సంగతి కాదు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి నిజంగానే టీబీ సోకే అవకాశం ఎక్కువ. ఏటి ఇసుకలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా. గట్టి ఒత్తిడితో లోహాన్ని ఢీకొన్నప్పుడు ఆ రేణువు పగిలి, కంటికి కనిపించనంత చిన్న ముక్కలవుతుంది. ఐదు మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న ముక్కలు ముక్కులోను, గొంతులోను ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. అప్పటికప్పుడు పగిలిన సిలికా పాత ధూళి కంటే ఎక్కువ హాని చేస్తుంది. ఊపిరితిత్తి మచ్చ కట్టి గట్టిపడుతుంది, దాన్ని తిరిగి మామూలు స్థితికి తెచ్చే మందు లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో స్ఫటిక సిలికా ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇసుకను గాలితో కొట్టే పద్ధతికి అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ పేటెంటు పొందింది 1870లో. దాని హాని గుర్తించి బ్రిటన్ 1949 నిబంధనలతో బ్లాస్టింగ్‌లో ఇసుక వాడకాన్ని నిషేధించింది. జీన్స్ బట్టను ఇసుకతో వెలిసేలా కొట్టే పనిలో యువకులు సిలికోసిస్ పాలయ్యాక టర్కీ 2009లో ఆ పనిని నిషేధించింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం సైతం తన మూడో షెడ్యూలులో, తప్పక తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల సరసన సిలికోసిస్‌ను పెట్టింది. ఇంత తెలిసిన తర్వాత కూడా చవక అన్న ఒక్క కారణంతో ఇసుక వాడడం నాకు సమ్మతం కాదు. మా క్యాబినెట్‌లోకి ఇసుక రాదు.

జూన్ చివర

ఈ రెండు వారాలూ దుమ్ము లాగే ఏర్పాటుకే సరిపోయాయి. పాత యంత్రానికి వెనుకవైపు ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి గుడ్డ సంచి మాత్రమే ఉండేవి. అవి రెండూ తీసేశాము.

లెక్క ఇలా వేసుకున్నాను. అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ వెంటిలేషన్ మార్గదర్శకాల ప్రకారం బ్లాస్టింగ్ క్యాబినెట్‌లోని గాలి నిమిషానికి కనీసం 20 సార్లు మారాలి, బయటి గాలి లోపలికి వచ్చే ప్రతి సందు దగ్గర వేగం నిమిషానికి 500 అడుగులకు, అంటే సెకనుకు సుమారు రెండున్నర మీటర్లకు తగ్గకూడదు. మా పెట్టె ఘనపరిమాణం 0.324 ఘనపు మీటర్లు. 20 సార్లు అంటే నిమిషానికి దాదాపు ఆరున్నర ఘనపు మీటర్లు, గంటకు 390. గన్ నుంచి లోపలికి వచ్చే గాలి నిమిషానికి అర ఘనపు మీటరే కాబట్టి, లాగేది వచ్చేదాని కంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది, పెట్టె లోపల ఒత్తిడి ఎప్పుడూ బయటి కంటే తక్కువగా నిలుస్తుంది. కీలకం అదే: లోపల ఒత్తిడి తక్కువగా ఉన్నంతసేపు, రబ్బరు బీడింగులో చిన్న చీలిక ఉన్నా గాలి బయటి నుంచి లోపలికే పోతుంది.

బ్లోయరును గాలి పరిమాణం చూసి మాత్రమే కొనకూడదు. ఫిల్టరు, గొట్టం కలిపి ఇచ్చే అడ్డంకికి ఎదురు నిలిచి ఆ గాలిని లాగగలగాలి. మేము గంటకు 390 ఘనపు మీటర్ల గాలిని 200 మిల్లీమీటర్ల నీటి మట్టం ఒత్తిడి వద్ద లాగే సెంట్రిఫ్యూగల్ బ్లోయరు ఎంచుకున్నాము. గోడకు బిగించే ఫ్యాను ఈ పని చేయలేదు. బ్లోయరును ఫిల్టరుకు ఆవలి వైపు, శుభ్రమైన గాలి వచ్చే చోట పెట్టాము. అక్కడైతే దాని రెక్కలు అరగవు, నిప్పురవ్వ పుట్టినా ధూళి మధ్యలో పుట్టదు. గొట్టం వ్యాసం విషయంలో పెద్దది మేలనుకోవడం సరికాదు. గొట్టంలో గాలి వేగం సెకనుకు 17, 18 మీటర్ల దగ్గర ఉంటేనే ధూళి మధ్యలో పేరుకోకుండా ఫిల్టరు దాకా చేరుతుంది. మా గాలికి 100 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే వేగం 14 లోపు పడిపోతుంది. అందుకని 90 మిల్లీమీటర్ల గొట్టం చేయించాము. అది కూడా జీఐ రేకుతోనే. ప్లాస్టిక్ గొట్టంలో ధూళి పరుగెత్తితే స్థిర విద్యుత్తు పేరుకుంటుంది, దాన్ని భూమిలోకి దించడానికి దారి ఉండదు.

ఫిల్టరు మడతల పాలిస్టర్ కార్ట్రిడ్జ్. వడపోసిన గాలిని షెడ్డులోకి తిరిగి వదలకుండా కప్పు మీదుగా, పక్క షెడ్డు కిటికీలకు దూరంగా పంపాము. ఫిల్టరుకు ముందూ వెనకా చిన్న రంధ్రాలు చేసి, తాపీ పనివారు మట్టం సరిచూసుకునే పారదర్శక లెవెల్ పైపును యూ ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసి బిగించాము. రెండు వైపులా నీటి మట్టాల తేడానే ఫిల్టరు ఇచ్చే అడ్డంకి. కొత్త ఫిల్టరుకు తేడా 40 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. 150 దాటితే పని ఆపి ఫిల్టరు దులపాలి, దులిపినా తగ్గకపోతే మార్చాలి అని పక్కనే పెయింటుతో గీతలు గీయించాను. ఈ పైపు ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ, అది చెప్పే సంగతి మాత్రం చాలా విలువైనది. మట్టాల తేడా నెమ్మదిగా పెరిగితే ఫిల్టరు పూడుకుపోతున్నట్టు. ఒక్కసారిగా పడిపోతే ఫిల్టరు చిరిగినట్టో, బ్లోయరు బెల్టు జారినట్టో అర్థం.

పరీక్షకు మొదట ఖాళీ పెట్టెతోనే అగరువత్తి వాడాము. బ్లోయరు నడుపుతూ తలుపు అంచుల వెంట, చేతి రంధ్రాల చుట్టూ, హాపర్ మూత దగ్గర పొగ పట్టి చూస్తే ప్రతిచోటా పొగ లోపలికే తిరగాలి. మీడియా, అంటే గాలితో కొట్టే రవ్వ, నింపిన తర్వాత అగరువత్తి గాని మరే నిప్పు గాని దగ్గరికి రానివ్వము. అప్పుడు వేరే పరీక్ష ఉంది. షట్టరు దించి, లైట్లన్నీ ఆర్పి, శక్తిమంతమైన టార్చిని క్యాబినెట్ ఆవల పెట్టి, దాని వెలుతురు సూటిగా కళ్లలో పడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని ఎదురుగా చూడాలి. పగటి వెలుతురులో ఎంత చూసినా కనిపించని సన్నని ధూళి ఆ వెలుతురు దారిలో మెరుస్తుంది. తలుపు మూల నుంచి ఒక సన్నని పాయ బయటికి వచ్చినా ఇలాగే కనిపిస్తుంది. అక్కడ బీడింగు మార్చాలి.

ఇంత పట్టుదల ఎందుకని మా ఫిట్టరు అడిగినప్పుడు ఒక లెక్క చూపించాను. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2016లో స్ఫటిక సిలికా సూక్ష్మ ధూళికి పెట్టిన పరిమితి, ఎనిమిది గంటల సగటున, ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. మా షెడ్డులో గాలి సుమారు 240 ఘనపు మీటర్లు. ఆ గాలంతా పరిమితికి చేరడానికి 12 మిల్లీగ్రాములు చాలు, అది చిటికెడులో పిసరు కూడా కాదు. ఒక మైక్రాను రేణువు కదలని గాలిలో మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికి గంటలు పడుతుంది. దుమ్ము కనిపించడం లేదు కాబట్టి లేదన్న భరోసా ఎంత బలహీనమో దీన్నిబట్టి తెలుస్తుంది. మేము సిలికా లేని మీడియానే వాడబోతున్నాము, అయినా తుప్పు, పాత రంగు, మీడియా పొడి కలిసిన ధూళి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు.

జూలై

వానలు మొదలయ్యాయి, కంప్రెసర్ పని కూడా మొదలైంది. మాది 5 హెచ్‌పీ రెండు దశల కంప్రెసర్. గన్ లోపల గాలి వచ్చే సన్న రంధ్రపు ముక్క, ఎయిర్ జెట్, 3 మిల్లీమీటర్లు. ఐదున్నర కిలోల ప్రెషర్ దగ్గర, అంటే సుమారు 80 పీఎస్ఐ వద్ద, ఆ జెట్ నిమిషానికి 15 నుంచి 18 ఘనపు అడుగుల గాలి తీసుకుంటుంది. కంప్రెసర్ ఇచ్చేది దాదాపు అంతే కాబట్టి ఎడతెగకుండా కొట్టడం కుదరదు, మధ్యలో ఆగుతూ పని చేయాలి.

విజయవాడలో గాలి కంటే నీరు పెద్ద సమస్య. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 28 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని ఎనిమిదో వంతుకు కుదించి మళ్లీ 35 డిగ్రీలకు చల్లబరిస్తే అందులో 5 గ్రాములే నిలుస్తుంది, మిగిలిన 23 గ్రాములు నీరుగా మారుతుంది. గంటకు 30 ఘనపు మీటర్లు కుదించే కంప్రెసర్ నుంచి ఈ లెక్కన దాదాపు 700 గ్రాముల నీరు దిగాలి. ఆ నీరు ట్యాంకులోనో, ట్రాపులోనో (లైనులో నీటిని వేరుచేసే గిన్నె) దిగకపోతే హోసులోకి వెళ్లి మీడియాను ముద్ద చేస్తుంది. గన్ తుమ్ముతున్నట్టు ఆగి ఆగి కొడితే చాలామంది గన్ మూతిని, అంటే నాజిల్‌ను అనుమానిస్తారు. వానకాలంలో ముందు చూడవలసింది నీటినే.

ట్రాపును కంప్రెసర్ పక్కనే బిగిస్తే ప్రయోజనం తక్కువ. అక్కడ గాలి వేడిగా ఉంటుంది, ఆవిరి ఆవిరిగానే ట్రాపు దాటిపోయి ముందు పైపులో చల్లబడి నీరవుతుంది. మేము కంప్రెసర్ తర్వాత గోడ వెంట జీఐ సి-క్లాస్ పైపును దూరం నడిపించి, ప్రతి మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇచ్చి, చివర కిందికి దిగే ముక్కకు డ్రెయిన్ కాక్ పెట్టాము. క్యాబినెట్‌కు గాలి తీసుకునే కొమ్మను పైపు పైభాగం నుంచి తీశాము, అడుగున పారే నీరు అందులోకి రాదు. ఆ తర్వాతే ట్రాపు, రెగ్యులేటరు. నీళ్ల పని కోసం వాడే పీవీసీ పైపును గాలికి వాడడం చూస్తుంటాను. దయచేసి అలా చేయవద్దు. పీవీసీ వేడికి, వయసుకు పెళుసుబారి పగిలినప్పుడు నీటి పైపులా చీలి ఊరుకోదు, ముక్కలై గాజు పెంకుల్లా ఎగురుతుంది.

గాలి శుభ్రతకు ఒక సులువైన పరీక్ష ఉంది. మీడియా లేకుండా గాలి మాత్రమే వదిలి, ఉతికిన తెల్ల గుడ్డను నిమిషం పాటు ఎదురుగా పట్టాలి. తడి తగిలితే నీరు, పసుపు మరక పడితే కంప్రెసర్ నూనె. నూనె మరక వస్తే రింగులు చూసే దాకా బ్లాస్టింగ్ ఆపాలి, ఎందుకంటే ఆ నూనె మీడియాలో కలిసి అక్కడి నుంచి శుభ్రం చేసిన ప్రతి భాగానికీ అంటుతుంది, రంగు పట్టదు. ట్యాంకు డ్రెయిన్ ప్రతి సాయంత్రం విప్పాలి. ట్యాంకు లోపల తుప్పు పట్టి రేకు పలచబడడానికి నిలిచిన నీరే మూలం, కాబట్టి దీన్ని క్యాబినెట్ కోసం చేసే పనిగా కాక, షెడ్డులో ఉన్న మనుషుల కోసం చేసే పనిగా చూస్తున్నాను.

జూలై, నాలుగో వారం

కరెంటు పని. ఇందులో నాకు అన్నింటి కంటే ముఖ్యంగా తోచింది, మామూలుగా ఎవరూ పట్టించుకోనిది, కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న. బ్లోయరు ఆగిపోతుంది, కంప్రెసర్ ట్యాంకులో మాత్రం గాలి నిండుగా ఉంటుంది. గన్ పెడల్ తొక్కి ఉన్న మనిషి ఆ రెండు మూడు క్షణాల్లో గమనించకపోతే లాగే గాలి లేని పెట్టెలోకి గన్ గాలి నింపుతూనే ఉంటుంది, లోపలి ధూళి ప్రతి సందు నుంచీ బయటికి వస్తుంది. తొమ్మిది అంగుళాల దూరంలో ఉన్న ముఖానికి అదే తగులుతుంది.

అందుకని గాలి లైనులో, కరెంటు లేకపోతే మూసుకునే రకం సోలినాయిడ్ వాల్వు పెట్టించాము. దాని కాయిల్‌కు కరెంటు బ్లోయరు కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) గుండా, తలుపు లిమిట్ స్విచ్ గుండా వరుసగా వస్తుంది. బ్లోయరు నడవకపోయినా, తలుపు సరిగా మూయకపోయినా గన్‌కు గాలి రాదు. పాత యంత్రానికి తలుపు స్విచ్ ఉండేది గాని దాన్ని తీగతో కట్టేసి ఉంచారు. పని తొందరలో ఇలా కట్టేయడం ఎక్కడైనా జరిగేదే కాబట్టి, కొత్త స్విచ్‌ను చేతికి అందని లోపలి వైపు బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను.

ఎర్తింగు. మీడియా రబ్బరు హోసులో పరుగెత్తేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు గ్లౌజు మీదుగా చేతికి చురుక్కుమని తగులుతుంది. చేయి అదిరి గన్ జారడం ఒక ప్రమాదం, అల్యూమినియం ధూళి మధ్య ఆ నిప్పురవ్వ ఇంకా పెద్ద ప్రమాదం. గన్, క్యాబినెట్ బాడీ, గొట్టం, ఫిల్టరు డబ్బా, నాలుగింటినీ రాగి అల్లిక తీగతో కలిపి ఎర్త్ పిట్‌కు దించాము. హోసును స్థిర విద్యుత్తు నిలవని రకానికి మార్చాము. నాజిల్ హోల్డరు నుంచి ఎర్త్ దాకా దారి తెగలేదని మల్టీమీటరుతో నెలనెలా చూడాలి.

చూపుటద్దం గీతలు పడి మసకబారింది. కొత్తగా గట్టిపరచిన అద్దం వేయించి, లోపలి వైపు పలచని పారదర్శక ఫిల్మ్ అతికించాము. మసకబారినప్పుడు ఫిల్మ్ మార్చితే సరిపోతుంది. కనిపించని పనిని మనిషి ముఖం దగ్గరికి తెచ్చి, ప్రెషర్ పెంచి చేస్తాడు, రెండూ చెడ్డవే. గ్లౌజులను తిరగేసి, వేళ్ల సందుల దగ్గర వెలుతురుకు పట్టి చూడాలి. సూది మోపినంత రంధ్రం ఉన్నా ఆ గ్లౌజు పనికిరాదు: గాలి చర్మంలోకి చొరబడితే బయట చిన్న గాటులా కనిపించినా లోపల అపాయం పెద్దది, వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసినది. అదే కారణంతో కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం, ఒకరి మీద ఒకరు ఊదుకోవడం షెడ్డులో మానిపించాను.

ఆగస్టు

మీడియా తెప్పించాము: ఇనుప భాగాలకు 80 నంబరు అల్యూమినియం ఆక్సైడు, అల్యూమినియం భాగాలకు 70 నుంచి 100 మెష్ గాజు పూసలు. గార్నెట్ కూడా మంచిదే, అందులో విడి సిలికా చాలా తక్కువ. మన శ్రీకాకుళం తీరపు ఇసుకల్లో ఆ ఖనిజం ఉంది. మా పని చిన్నది కాబట్టి రెండు రకాలతో సరిపెట్టాము.

ఇనుముకు వాడిన మీడియాను అల్యూమినియానికి వాడకూడదు. తుప్పు పొడి, ఇనుప రవ్వ అల్యూమినియంలో దిగబడి కొన్నాళ్లకు గోధుమ రంగు చుక్కలుగా బయటపడతాయి. అంతకంటే ముఖ్యమైన కారణం, సన్నని అల్యూమినియం పొడి, ఇనుప తుప్పు కలిసిన మిశ్రమానికి నిప్పు తగిలితే అది రైలు పట్టాలను అతికించే థర్మైట్ చర్యే. అందుకని మీడియా మార్చినప్పుడల్లా హాపర్‌ను, ఫిల్టరు కింది డబ్బాను కూడా ఖాళీ చేసి శుభ్రం చేయాలన్నది మా షెడ్డులో మినహాయింపు లేని నియమం.

మొదటి పని ఒక పాత స్కూటరు స్టాండు, బ్రాకెట్లు. ఐదు కిలోల ప్రెషర్, నాజిల్‌కు భాగానికి మధ్య జానెడు దూరం, గన్‌ను కొంచెం వాల్చి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో కొట్టడం. నిట్టనిలువుగా కొడితే రేణువులు తిరిగి అద్దం మీదికే వస్తాయి. తుప్పు పోయిన ఇనుము ఈ వాతావరణంలో చూస్తుండగానే మళ్లీ రంగు మారుతుంది. ఆ రోజే ప్రైమర్ వేయగలిగినన్ని భాగాలే ఆ రోజు కొట్టాలి. ఆ తర్వాత కార్బురేటరు మూతలు, ఇంజన్ సైడు కవర్లు మూడు కిలోల ప్రెషర్‌తో గాజు పూసలకు ఇచ్చాము. పూసలకు ప్రెషర్ పెంచితే పని తొందరగా జరగదు, పూసలు పగిలి పొడి అవుతాయి, ధూళి పెరుగుతుంది. కవర్లు సాటిను మెరుపుతో వచ్చాయి, చేతితో ఎంత రుద్దినా రాని నాణ్యత అది.

పని ముగిశాక వెంటనే తలుపు తీయకూడదు. బ్లోయరు కనీసం రెండు నిమిషాలు నడిచి లోపలి గాలి తేటపడిన తర్వాతే తీయాలి. మా కుర్రాడికి మొదట్లో ఇది కష్టంగా ఉండేది. “అన్నా, ఎలా వచ్చిందో చూడాలని ఉంది” అనేవాడు. ఆ ఆసక్తి మంచిదే, దాన్ని అద్దంలోంచి తీర్చుకోమన్నాను.

ఆగస్టు చివర

తీసుకోని పనుల జాబితా గోడకు పెట్టాము. పెట్రోలు ట్యాంకులు తీసుకోము, ఎందుకంటే కడిగినట్టు కనిపించినా అతుకుల్లో ఆవిరి మిగులుతుంది, పలచని రేకు వంగుతుంది కూడా. షాక్ అబ్జార్బర్లు, గాలి గాని నూనె గాని నింపి మూసిన ఏ భాగమూ తీసుకోము. మెగ్నీషియం కవర్లు అసలే వద్దు, దాని పొడి అల్యూమినియం కంటే తేలికగా అంటుకుంటుంది. నూనె దారులు ఉన్న సిలిండర్ హెడ్లు, క్రాంక్ కేసులు తెచ్చినవారికి వివరంగా చెప్పి వెనక్కి పంపుతున్నాము: సన్నని దారి మలుపులో నిలిచిన నాలుగు గాజు పూసలు ఇంజన్ నడిచాక బేరింగులోకి చేరితే ఆ ఇంజన్ పాడైనట్టే, వాటిని పూర్తిగా కడిగి తీశామని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి వాటినీ, వాటి పొడి అంటిన డ్రమ్ములనూ పొడిగా కొట్టము. డ్రమ్ములను ముందు తడిపి తుడిచి ఆ తర్వాతే చూస్తాము.

రంగు విషయంలో ఇంకొంచెం ఆలోచన అవసరమైంది. ఆటోనగర్ అంటే లారీ బాడీల ఊరు, ఇక్కడికి వచ్చే పాత రేకుల మీద పసుపు, నారింజ రంగులు పొరలు పొరలుగా ఉంటాయి. ఆ రంగుల్లో సీసం, క్రోమియం ఉన్న లెడ్ క్రోమేట్ వాడకం ఎంతో కాలంగా ఉంది, పాత ప్రైమర్లలో సీసంతో చేసిన రెడ్ లెడ్ ఉండేది. 2016లో మన ప్రభుత్వం తెచ్చిన 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) సీసం పరిమితి ఇళ్లకు వేసే రంగులకే వర్తిస్తుంది, లారీ రంగులకు కాదు. పాత పసుపు రంగు భాగాన్ని నేరుగా కొడితే సీసం, క్రోమియం కలిసిన ధూళి ఫిల్టరులోకి, ఆ డబ్బా ఖాళీ చేసే మనిషి మీదికి వస్తుంది. అలాంటి రంగును ముందు పెయింట్ రిమూవరుతో మెత్తబరిచి, తడిగా ఉండగానే గీకి తీసి, మిగిలిన తుప్పును మాత్రమే క్యాబినెట్‌లో కొడుతున్నాము. పని బట్టలు షెడ్డులోనే విప్పి వెళ్లాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఆ బట్టలతో వెళ్లకూడదు. పిల్లల మెదడుకు సీసం చేసే హాని పెద్దవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

సెప్టెంబరు

యంత్రం రోజువారీ పనిలో పడింది, ఇప్పుడు నిర్వహణే అసలు పని. సెరామిక్ నాజిల్ అరగడం మొదలైంది. దాన్ని కొలవడానికి కొత్త రంధ్రం కంటే ఒక మిల్లీమీటరు లావున్న డ్రిల్ బిట్ వెనుక భాగాన్ని గన్ దగ్గర గొలుసుకు వేలాడదీశాము. అది నాజిల్‌లో దూరితే నాజిల్ మార్చాలి. లోపలి ఎయిర్ జెట్‌ను కూడా కొలవడం మరిచిపోకూడదు. 3 మిల్లీమీటర్ల జెట్ అరిగి 4 అయితే రంధ్రం వైశాల్యం, దానితోపాటు గాలి ఖర్చు, 78 శాతం పెరుగుతుంది. కంప్రెసర్ ఆగకుండా నడిచినా ప్రెషర్ నిలవదు. కంప్రెసర్ బలహీనపడిందని అనుకునే సందర్భాల్లో తప్పు ఈ చిన్న ముక్కలో ఉండవచ్చు. బోరాన్ కార్బైడ్ నాజిల్ ఖరీదైనదే గాని సెరామిక్ కంటే చాలా రెట్లు నిలుస్తుంది, వచ్చే విడతలో అదే కొంటున్నాము. నాజిల్ విప్పే ముందు వాల్వు మూసి, పెడల్ తొక్కి లైనులో మిగిలిన గాలిని వదిలి, వాల్వు చక్రానికి తాళం వేసి, తాళం చెవి విప్పే మనిషి జేబులో ఉంచుకోవాలి.

మీడియా ఎంత కాలం వాడాలన్నది గాజు గ్లాసు చెబుతుంది. గుప్పెడు మీడియాను నీళ్లలో వేసి కలిపి చూస్తే, నీరు పాలలా మబ్బుపట్టి తేరుకోకపోతే పొడి ఎక్కువైనట్టు, పైన రంగుల పొర తేలితే నూనె కలిసినట్టు. పొడి ఎక్కువైతే జల్లించాలి, నూనె కలిస్తే మొత్తం పారేయాలి.

అన్నింటిలో ఎక్కువ ధూళి మనిషికి చేరేది బ్లాస్టింగ్ చేసేటప్పుడు కాదు, ఫిల్టరు డబ్బా ఖాళీ చేసేటప్పుడు. ఆ పనికి ముఖానికి అతుక్కునే సగం ముఖపు మాస్కు, సన్నని ధూళిని ఆపే పీ100 ఫిల్టర్లతో, తప్పనిసరి చేశాము. గడ్డం పెరిగితే మాస్కు అంచు అతకదు కాబట్టి ఆ రోజు గడ్డం చేసుకుని రావాలి. డబ్బాను ప్లాస్టిక్ సంచిలోకి దించి, సంచి మూతి బిగించాకే బయటికి తీస్తున్నాము. నేల మీద పడిన దాన్ని చీపురుతో ఊడవకుండా సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న వ్యాక్యూమ్‌తో గాని తడి గుడ్డతో గాని తీస్తాము. రంగు కలిసిన వ్యర్థాన్ని విడిగా, పేరు రాసిన డ్రమ్ములో దాచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. బందరు కాలువలోకో, వీధి డ్రైనేజీలోకో చేరిస్తే ఆ సీసం ఎక్కడికి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. గన్ దగ్గర పని చేసే ఇద్దరికీ ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి రిపోర్టులు ఫైలులో పెట్టాము. ఏడాది తర్వాత పోల్చి చూడడానికి ఇప్పటి స్థితి కాగితం మీద ఉండాలి.

ఒక పని మిగిలి ఉంది. సోలినాయిడ్ వాల్వు ఇప్పుడు బ్లోయరుకు కరెంటు అందుతోందా అన్నది మాత్రమే చూస్తోంది. మోటారు తిరుగుతూ బెల్టు జారినా, గొట్టం ఊడినా దానికి తెలియదు. లెవెల్ పైపు ఆ సంగతి చెబుతుంది గాని, గన్ పట్టుకున్న మనిషి చూపు అద్దం మీద ఉంటుంది, పైపు మీద కాదు. అందుకని క్యాబినెట్ లోపలి ఒత్తిడి బయటి కంటే తగినంత తక్కువగా లేకపోతే వాల్వును మూసేసే ప్రెషర్ స్విచ్ ఒకటి ఆర్డరు చేశాము. అది వచ్చాక ఫిల్టరు ముఖాన్ని అట్టతో కొద్దికొద్దిగా మూస్తూ, ఏ దగ్గర గన్ ఆగుతుందో చూసి, ఆ అంకెను లెవెల్ పైపు పక్కన ఉన్న గీతల వరుసలో చేరుస్తాము.